అంగిలి జాతకం

పెట్టె మూత తీశాను. మొదటి ట్రేలోని అచ్చు మీద, సరిగ్గా అంగిలి నడిమధ్యన, చిటికెన వేలి కొనంత బొడిపె లేచి ఉంది. ట్రే పిడికి అంటించిన చీటీ చదివాను. నమ్మకం కుదరక మళ్ళీ చదివాను. నా చేతిరాతే. మైలపల్లి ఎర్రయ్యమ్మ. మా మేనత్త.

పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళకి ఈ తతంగం తెలిసే ఉంటుంది. గిన్నెలో పొడి వేసి, నీళ్ళు పోసి, గబగబా ముద్దగా కలిపి, ట్రేకెత్తి నోట్లో పెట్టి నొక్కుతారు. మీకు వాంతి వచ్చేలోపు అది గట్టిపడాలి. తీశాక చూస్తే నోటి అచ్చు. అచ్చులో అన్నీ తలకిందులే. నోట్లో బొడిపె ఉంటే అక్కడ గుంట, నోట్లో గుంట ఉంటే అక్కడ బొడిపె. అంగిలి నడుమ ఇంత బొడిపె లేచిందంటే ఉత్త గుంట కూడా కాదు, ముక్కులోకి కన్నం పడ్డట్టు.

కానీ అత్త అంగిలికి ఏ కన్నమూ లేదు. పొద్దున్న ఆ అచ్చు తీసింది నేనే. తీసినప్పుడు నున్నగా ఉంది. తడి పెట్టెలో ఒక పూట ఉన్నాక ఇలా తయారైంది. అదే మా ముద్దలో ఉన్న విద్య.

దాన్ని నేనేదో తపస్సు చేసి కనిపెట్టానని అనుకోకండి. నా మతిమరుపు కనిపెట్టింది. అచ్చులు తీసే పొడి సముద్రపు నాచులోంచి వస్తుంది. దానికో జబ్బుంది. గాలికి వదిలేస్తే ముడుచుకుపోతుంది, నీళ్ళలో పడేస్తే ఉబ్బిపోతుంది. అందుకే అచ్చు తీసిన వెంటనే ప్లాస్టరు పోసెయ్యాలని మా దంత కళాశాలలో చేరిన రోజు నుంచే మొత్తుకుంటారు. నేను నాచుకి సిలికోన్ కలిపి కొత్త ముద్ద తయారు చేస్తున్న రోజుల్లో, ఒక అచ్చుకి ప్లాస్టరు పొయ్యడం మరిచిపోయి, తడి దూదిలో చుట్టి పెట్టెలో పడేసి పోయాను. తర్వాత చూస్తే అచ్చంతా చెక్కుచెదరలేదు, ఒక్కచోట మాత్రం పొంగింది. పారేయడానికి బద్ధకించి అలమరలో పెట్టాను. కొన్నేళ్ళకి ఆ అచ్చు తాలూకు మనిషే, సరిగ్గా అక్కడే కన్నం పడిన అంగిలితో మా ఓ.పి.కి వచ్చింది. ఆ రోజే అలమరలోని అచ్చు తీసి పోల్చి చూశాను.

నోటి వేడి, లాలాజలంలోని రసాయనాలు, చర్మం కింద కణాల హడావిడి, అన్నిటినీ ఆ ముద్ద పీల్చుకుంటుంది. తడి పెట్టెలో ఒక పూట నానితే, ఆ నోరు కొన్నేళ్ళకి ఏ ఆకారానికి రాబోతోందో ఆ ఆకారానికి మారుతుంది. మా ప్రొఫెసరు చల్లా మృత్యుంజయరావుగారు దానికి పొడుగాటి పేరొకటి పెట్టారు. ల్యాబులో అందరం జాతకం ముద్ద అనేవాళ్ళం.

దాని అవసరం మా తీరానికి ఉన్నంతగా ఇంకెక్కడా లేదు. మావైపు పల్లెల్లో ఆడవాళ్ళకి అడ్డపొగ అలవాటు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అలా అయితే సముద్రపు గాలికి ఆరిపోదు, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి, పెద్దవాళ్ళ ఎదుట కూడా నిప్పు కనబడదు. ఆ సెగంతా అంగిలికి. మృత్యుంజయరావుగారు శస్త్రవైద్యులు. జీవితమంతా ఆ అంగిళ్ళే కోశారు. "నా దగ్గరికి వచ్చేసరికి అందరికీ కన్నాలే నీలవేణీ. ఒక్కసారైనా ముందుగా చేరుకోవాలని ఉంది," అనేవారు.  మంచి మనిషి. అందుకే ఆయనతో వాదించడం కష్టం.

ముందుగా చేరుకున్నది గరికిన పోలమ్మని. రొయ్యలమ్ముకునే మనిషి. ఆమె అచ్చులో బొడిపె లేచింది. నోట్లో ఏ పుండూ లేకపోయినా, అచ్చు చెప్పింది కదా అని సార్ ఆమె అంగిలి ఎముక తీసేశారు. కోసిన ముక్కని పరీక్షకి పంపితే ఏమీ లేదని వచ్చింది. "చూశావా! మొలకెత్తకముందే పీకేశాం," అన్నారు. ల్యాబులో అందరం చప్పట్లు కొట్టాం, నాతో సహా. ఆ ఖాళీని మూసే ప్లేటు నేనే చేసి ఇచ్చాను. ప్లేటు ఉంటే పోలమ్మ మాట మాటలాగే ఉంటుంది. తీస్తే గాలంతా ముక్కులోంచి పోయి, కన్నకూతురికి కూడా అర్థం కాదు.

ఇప్పుడు అత్త వంతు.

అమ్మ పోయాక నన్ను పెంచింది ఎర్రయ్యమ్మత్తే. హార్బర్‌లో చేపల వేలం పాడుతుంది. పడవ ఒడ్డుకి తగలగానే గట్టు మీద నిలబడి ఆమె పాట ఎత్తుకుందంటే, పక్క రేవులో ఉన్న బేరగాళ్ళు కూడా తలతిప్పి చూడాల్సిందే. ఆ గొంతుతోనే నాకు ఫీజులు కట్టింది, ఆ గొంతుతోనే నన్ను తిట్టింది. నేను డాక్టర్నయ్యాక నా నెత్తి మీద చెయ్యి పెట్టి అడ్డపొగ మానేశానని ఒట్టేసింది. మానేసినవాళ్ళ అంగిలి ఎంత శుభ్రంగా ఉంటుందో మిగతావాళ్ళకి చూపిద్దామని, సరదాకి తీసిన అచ్చు అది.

ఇంటికి వెళ్ళేసరికి అత్త చేపలు తోముతోంది.

"ఏటే, మొగం అలగెట్టినావు? ఆ ప్రొఫెసరు గానీ తిట్టినాడేటి?"

చెప్పాను. చేపని గిన్నెలో పెట్టి చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

"కోసేత్తే సావు తప్పుద్దా?"

"తప్పుతుందత్తా. పోలమ్మకి చేసినట్టే నీకూ ప్లేటు చేస్తాను."

"పోలమ్మ మాట్లాడతాది. పాటెత్తుకుని కూత పెట్టగలదేటి?"

గిన్నెలోని చేప అందుకుని నేను తోమసాగాను. అబద్ధం చెబితే నా మొహం చూసి పట్టేస్తుంది.

"సరే. నీ సేత్తో తీసిన అచ్చు కదేటి, అదేల అబద్దమాడుద్ది? కోయించెయ్యి," అని గోడవైపు తిరిగిపోయింది. అత్త ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజూ చూడనివ్వలేదు, వీపు మాత్రమే కనబడింది. 

ఆపరేషన్ సోమవారం పొద్దున్న అన్నారు. షుగరు అదుపులోకి రావాలని వారం ముందే వార్డులో చేర్చాం. ఎముక తీసిన వెంటనే నోట్లో పెట్టడానికి ప్లేటు సిద్ధంగా ఉండాలి, దానికోసం ఇంకో అచ్చు తియ్యాలి. మామూలు ముద్దతో తీస్తే చాలు. నా చెయ్యి ఊరుకోలేదు. జాతకం ముద్దే కలిపాను. ఇంకా ఎంత పెరిగిందో చూడాలన్న పాడు కుతూహలం కాబోలు, లేకపోతే ఆశ. ప్లాస్టరు పోసి ప్లేటుకి కావలసిన నమూనా తీసుకున్నాక, అచ్చుని తడి పెట్టెలో పెట్టాను.

శనివారం మధ్యాహ్నం తీసి చూస్తే నున్నగా ఉంది. ఎక్కడా వెంట్రుకవాసి బొడిపె లేదు.

రెండు ట్రేలూ పట్టుకుని సార్ గదికి పరిగెత్తాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, రెండింటినీ వెలుతురుకి పెట్టి చూశారు.

"వార్డులో రబ్బరు గ్లవ్స్ వేసుకుని కలిపావు కదూ?"

అనుమానం సబబే. రబ్బరులోని గంధకం తగిలితే మా ముద్ద చచ్చిపోతుంది. గట్టిపడుతుంది గానీ ఆ తర్వాత మారదు.

"లేదండీ. చేతులు కడుక్కుని, ఒట్టి చేతులతోనే కలిపాను."

"నీకు అలా గుర్తు. ఎర్రయ్యమ్మ నీ మేనత్త. నీ స్థానంలో నేనున్నా నా కళ్ళు నాకు కావలసిందే చూస్తాయి." ఆయన గొంతులో కోపం లేదు. అదే నన్ను కాల్చింది. "రెండు అచ్చుల్లో ఒకటి తప్పనుకో. ఏది తప్పు? పాడైన ముద్ద పొంగదు నీలవేణీ. పొంగిందంటే అది బతికున్న ముద్ద. పొంగనిదాన్ని నమ్ముకుని ఆవిణ్ణి ఇంటికి పంపిస్తే, ఆ కన్నం పడ్డ రోజున నీ మొహం నువ్వు అద్దంలో చూసుకోగలవా?"

చూసుకోలేను. ఆ మాట నిజమే. కానీ నా చేతులకి గ్లవ్స్ లేవన్నదీ నిజమే. రెండు అచ్చులూ నావే, రెండూ సరైనవే. మరి మధ్యలో ఏం మారింది? ముద్ద మారలేదు, చెయ్యి మారలేదు. మారితే నోరే మారాలి.

వార్డుకి వెళ్ళి అత్త మంచం మీద కూర్చున్నాను.

"అత్తా, చుట్ట మానేశానన్నావు. నా మీద ఒట్టేసి మళ్ళీ చెప్పు."

అత్త కిటికీలోంచి బయటికి చూసింది. "నీ మీద ఒట్టెయ్యను."

"అంటే?"

"అంటే ఏటి అంటే? ఒకసారేసినాను కదేటి, మాటిమాటికీ ఎవులేత్తారు?"

"అత్తా!"

"అరవకే, పక్క మంచమోలు సూత్తన్నారు." గొంతు తగ్గించింది. "ఇక్కడికొచ్చినకాడ్నుంచీ ముట్టలేదు. ఆ నర్సమ్మలు ముట్టనిత్తారేటి. కానీ ఆ దినం కాల్సినాను. నీ కుర్సీ ఎక్కే ముందర. కేంటీను ఎనకాల. ఆ కుర్సీ, ఆ లైటూ సూసి బయటికొచ్చేసినాను. భయమేత్తే మాకు సుట్టే కదే దిక్కు. నానొక్కద్దాన్నేటి? అచ్చుకొచ్చినోలంతా అక్కడ కాల్సే లోపలికొత్తారు. ఆ సోటు నాకు సెప్పినాది పోలమ్మే."

 చుట్ట కాల్చి రావొద్దని గోడ మీద రాసి పెట్టాం. కాల్చారా అని ప్రతి ఒక్కరినీ అడిగేవాళ్ళం. లేదు డాక్టరమ్మా అనేవాళ్ళు. నిప్పు నోటిలోపల ఉంటుంది కాబట్టి దూరం నుంచి ఎవరికీ కనబడదు. నోరు పుక్కిలించి, ఏలకులు నమిలి, అప్పుడే కాలిన అంగిలితో వచ్చి బుద్ధిగా కుర్చీలో కూర్చునేవాళ్ళు. నేను ఆ కాలిన అంగిలి మీదే ముద్ద పెట్టి నొక్కేదాన్ని.

ముద్ద చూసింది రాబోయే రోజుల్ని కాదు, ఆ ఒక్క పూటని. ఈ పూట ఉన్నట్టే ప్రతి పూటా ఉంటే ఈ నోరు ఏమవుతుందో, అది మాత్రమే చూపించింది. అలమరలో ఉన్న అచ్చు తాలూకు మనిషి ఆ తర్వాత కూడా చుట్ట మానలేదు, అందుకని ఆమె విషయంలో నిజమైంది. మానేస్తే కాదు. వార్డులో కొన్నాళ్ళు చుట్ట లేకుండా ఉన్న అత్త అంగిలిని అడిగితే ముద్ద వేరే మాట చెప్పింది. మేం దాన్ని జాతకం అన్నాం. జాతకం అంటే తప్పదనే అర్థం కదా మనకి. అక్కడే కొంప మునిగింది.

కానీ ఇదంతా వెళ్ళి చెబితే సార్ నమ్ముతారా? నమ్మరు. సోమవారానికి మధ్యలో మిగిలింది ఆదివారం.

"అత్తా, నాకు అడ్డపొగ నేర్పు."

"సెప్పు తీసుకు కొడతాను! డాక్టరు సదివి ఇదేటే నీకు పోయేకాలం?"

కారణం చెప్పాను. "అయితే నాను కాలుత్తాను, నాకే ఇంకో అచ్చు తియ్యి," అంది.

"నీది పొంగితే జబ్బు ఉంది కాబట్టి పొంగిందంటారు. ఎన్నడూ చుట్ట ముట్టని నోరు కావాలి."

ఆదివారం పొద్దున్న వార్డు సిస్టరుని బతిమాలి అత్తని కాసేపు బయటికి తీసుకొచ్చాను. కేంటీను వెనకాల, ఖాళీ సీసాల పెట్టెల పక్కన, ఇద్దరం గొంతుక్కూర్చున్నాం. అత్త చుట్ట వెలిగించి, బాగా ఊది, నా చేతికిచ్చింది.

"నాలిక ముందు తడి సేసుకో. నిప్పు పల్లకి తగల్నీకు. పెదాలు బిగించు. ఊపిరి మెల్లిగా లాగు. బెంబేలెత్తిపోయి బయటికి ఊసేయకు, సీర కాలిపోద్ది."

నిప్పుని నోట్లో పెట్టుకోవడం అంటే ఏమిటో రాతలో చెప్పలేను. కళ్ళలోంచి ధారలు కారాయి. అంగిలి చర్మం ముడుచుకోవడం తెలుస్తూనే ఉంది. నిప్పు ఆరిపోయి మళ్ళీ వెలిగించాల్సి వచ్చినప్పుడల్లా అత్త తన నోరే కాలినట్టు "ఓలమ్మో, ఓలమ్మో" అంటూ నా వీపు రాసింది. ఒకటి సరిపోదేమోనని రెండోది కూడా అడిగాను. ఈసారి అత్త ఇవ్వనంది. లాక్కున్నాను.

ఏలకులు నమిలాను. ల్యాబుకి వెళ్ళి అద్దం ముందు నిలబడి నా నోటి అచ్చు నేనే తీసుకున్నాను. మండిపోతున్న అంగిలి మీద చల్లని ముద్ద పడితే హాయిగా ఉంటుందనుకుంటారేమో, ప్రాణం పోయినంత పనైంది. ట్రేని పెట్టెలో పెట్టి, పక్కనే పిచ్చిదానిలా కూర్చున్నాను. సాయంత్రానికి అచ్చు మీద బొడిపె లేచింది. నా అంగిలి నడిమధ్యన. తెలిసి చేసిందే అయినా, నాలుకతో నా అంగిలి తడిమి చూసుకున్నాను.

సోమవారం అత్తని పెందలాడే థియేటరుకి తీసుకెళ్ళిపోయారు. నేను వెళ్ళేసరికి ఆమె బల్ల మీద పడుకుని పైన లైటు వంక చూస్తోంది. సార్ బయట కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రాసుకుంటున్నారు. చీటీ లేని ట్రే ఆయన కళ్ళ ముందు పెట్టాను.

"ఇప్పుడా? లోపల మత్తు డాక్టరు ఎదురు చూస్తున్నారమ్మా."

"ఒక్కసారి చూడండి."

వంగి చూశారు. కనుబొమలు ముడిపడ్డాయి. "ఇదెవరిది? ఎర్రయ్యమ్మ కంటే ముదిరిపోయింది. ఈవిణ్ణి ఇంటికి పంపకు. ఈ వారంలోనే కోసెయ్యాలి. ఎక్కడుంది?"

"మీ ఎదురుగానే ఉందండీ," అని నోరు తెరిచాను.

ఆయన నా అంగిలి చూశారు. పొక్కులెక్కి, తెల్లగా ఊడుతున్న చర్మాన్ని చూశారు. నేను సంచీలోంచి రెండో ట్రే తీశాను. ముద్ద తయారైన కొత్తల్లో మా ఇద్దరి నోళ్ళకీ వేసి చూసుకున్నాం. అది నా పాత అచ్చు, ఆయనే తీశారు. నున్నగా ఉంది.

"నిన్న రెండు చుట్టలు కాల్చాను సార్. జీవితంలో అవే మొదటివి. నన్నెప్పుడు కోస్తారు?"

కుళాయి కట్టేసేవాళ్ళు లేరు, నీళ్ళు పోతూనే ఉన్నాయి. అత్త ఏ రోజు ఎక్కడ కాల్చిందో, అచ్చులకి వచ్చినవాళ్ళంతా ఏం చేసేవాళ్ళో చెప్పాను. ఆయన అడ్డురాలేదు. చేతుల మీద సబ్బు ఎండిపోతోంది. గోడకి ఆనుకుని, స్టూలు మీద మెల్లగా కూలబడ్డారు.

"పోలమ్మ రిపోర్టులో ఏమీ లేదు నీలవేణీ," అన్నారు చివరికి. "అందులో ఏమీ లేదు."

"అవునండీ."

ఆయన థియేటరు వైపు తిరిగి, నేనెప్పుడూ వినని గొంతుతో అరిచారు. "ఎర్రయ్యమ్మని దింపెయ్యండి!"

అత్త బల్ల దిగి నా దగ్గరికి వచ్చి, అందరి ముందూ నా చెంప ఛెళ్ళుమనిపించి, వెంటనే కావలించుకుంది. "నా కోసం నోరు కాల్సుకుంటావేటే ముదనట్టపు గుంటా!" అని ఏడ్చింది. ఈసారి దాచుకోలేదు. ఇద్దరం సిగ్గు లేకుండా ఏడ్చాం.

అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది.

పోలమ్మ ప్లేటు సరిచేయించుకోవడానికి గురువారం వచ్చింది. కొంగులో ఎండు రొయ్యల పొట్లం కట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టింది. "తీసుకోమ్మా. నీవూ, ఆ పెద్ద డాక్టరూ లేకపోతే ఈపాటికి నాను కాటికెల్లిపోదును. మీ ఇద్దరి పేరూ సెప్పుకుని దీపం పెడతన్నాను," అంది. సార్ తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. తానే చెబుతానని ముందు ఆయన అన్నారు. ముద్ద నాది, అచ్చు తీసింది నేను, నేనే చెప్పాలన్నాను. ఇప్పుడు ఆ రొయ్యల పొట్లాన్ని పక్కకి జరిపాను.

ట్రే తీసేటప్పుడు మెల్లమెల్లగా లాగితే అచ్చు చిరిగిపోతుంది, ఒక్క ఊపున లాగాలి. అలాగే చెప్పేశాను. ఆ రోజు కేంటీను వెనకాల నువ్వు కాల్చిన చుట్టని చూసి ముద్ద పొంగిందని చెప్పాను. అలాగే కాలుస్తూ పోతే నిజంగానే కన్నం పడేదేమో, మానేసి ఉంటే పడేది కాదని చెప్పాను. మేం అది తెలుసుకోకుండానే నీ నోరు కోసేశామని చెప్పాను. తప్పు నీది కాదు, మాదని చెప్పాను. సార్ చేతులు జోడించి తల దించుకున్నారు.

పోలమ్మ నా వైపు ఒకడుగు వేసింది.

"కోసే ముందరే మానేత్తానని సెప్పినాను కదమ్మా," అంది. "ఆ పెద్ద డాక్టరు బాబుకి. గ్యాపకం ఉందా?"

సార్ తల ఎత్తలేదు.

"అయితే మీరు తీసింది మంచి ఎముకేనా?"

"మంచిదే," అన్నాను.

పోలమ్మ నోట్లో రెండు వేళ్ళు పెట్టి, ప్లేటు ఊడదీసి, నా అరచేతిలో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది. అప్పుడు మాట్లాడటం మొదలెట్టింది. నా కళ్ళలోకి చూస్తూ, వేలు చూపిస్తూ, గుండె మీద కొట్టుకుంటూ మాట్లాడింది. గాలంతా ముక్కులోంచి పోతోంది. తిట్టిందో, శపించిందో, ఏమడిగిందో, ఒక్క ముక్క నాకు అర్థం కాలేదు. ప్లేటు పెట్టుకుని మళ్ళీ చెప్పమని అడిగే మొహం నాకు లేదు.

ఆవిడ ఆపేదాకా, ఆ ప్లేటు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను.